దాణా బస్తాలతో నాలుగు మైళ్లు

తమ్ముడి బరువు నూట యాభై పౌండ్లు. కోళ్ల దాణా బస్తా ఒక్కోటీ యాభై. వెర్నా మూడు బస్తాలను చక్రాల కుర్చీలో ఒకదానిమీద ఒకటి పేర్చి, జారిపోకుండా పడవ తాడుతో బిగించి కట్టింది. అభయారణ్యం గేటు దగ్గర చేతి గడియారం చూసుకుంది. తొమ్మిదీ ఐదు.

గట్టు అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. ఎడమ పక్క మంచినీటి మడుగులు, కుడి పక్క ఖాతం దాకా ఉప్పు రెల్లు. పోను రెండు మైళ్లు, రాను రెండు. ఆ చివర వాళ్ల నాన్న నీటెలుకలు పట్టే రోజుల్లో వేసుకున్న గుడిసె ఉండేది. ఇప్పుడు నాలుగు గుంజలు మిగిలాయి. ఆ గుంజల దగ్గర కూచుని, తెల్ల బాతులు ఒక్క పెట్టున లేవడం ఇంకొక్కసారి చూడాలని తమ్ముడు హార్లన్ అడిగాడు. బాతులు వచ్చేది నవంబరులో; ఈ శనివారం తీసుకెళ్తానని ఆమె ఒప్పుకుంది. క్రిస్మస్ దాటాక ఇల్లు కదలకూడదని డాక్టరు చెప్పాడు.

వెర్నా ఎవరికీ కాదని చెప్పి ఎరగదు. ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. పుస్తకాల సంచులు దొరక్క వెతుక్కునే పిల్లల కోసం బస్సు ఆపి, ఆలస్యానికి తిట్లు తనే తినేది. పెళ్లికి కూడా కాదనలేకే ఒప్పుకుందని చర్చిలో ఆడవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. ఆ కాపురం బాగానే సాగింది. భర్త పోయి ఆరేళ్లయింది. తమ్ముడి విషయంలో ఆమె మరీ మెత్తన. వాడికి పన్నెండేళ్లప్పుడు మొదటి సిగరెట్టు ఇచ్చింది ఆమే. అడిగాడు, ఇచ్చింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

తూముల మరమ్మతులు చూసే క్లైడ్ ఎదురయ్యాడు.

"ఏంటి వెర్నక్కా, కోళ్లని ఇంట్లో వదిలేసి దాణాకి షికారు చూపిస్తున్నావా?"

"ఇంట్లో కూచుని విసుగెత్తిందంటే తీసుకొచ్చా."

"వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు ఎదురుగాలి. అప్పుడు తెలుస్తుంది నీ సరదా."

"తెలుసుకోడానికేగా వచ్చింది."

క్లైడ్ బస్తాల వైపు చూశాడు. మూడు. నవ్వడం ఆపేశాడు.

"హార్లన్ ఎలా ఉన్నాడు?"

"ఉన్నాడు."

రెండో తూము దగ్గర కొత్తగా కంకర పోశారు. ముందు చక్రాలు అందులో కూరుకుపోయాయి. కుర్చీని వెనక్కి తిప్పి, తను వెనక్కి నడుస్తూ ఈడ్చుకుపోవాల్సి వచ్చింది. గుంజల దగ్గరికి చేరేసరికి గంటా పది నిమిషాలు. తిరుగు దారిలో గాలి నిజంగానే ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టినట్టు తోసింది. గంటా ముప్పై ఐదు. మొత్తం రెండుమ్ముప్పావు గంటలు. బీమావాళ్లు నెలకి రెండే చిన్న ఆక్సిజన్ సిలిండర్లు ఇస్తారు. ఒకటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అయిపోయింది. మిగిలినదాన్ని హార్లన్ వాడే రెండు అంకె మీద పెడితే మూడున్నర గంటలు వస్తుంది. అంటే గుంజల దగ్గర కాసేపు కూచోవచ్చు కూడా.

చేతులు పీకుతున్నా, ఆ మాట చెప్పాలని నేరుగా హార్లన్ ఇంటికి బయల్దేరింది. ఎప్పుడూ ముందు ఫోను చేసేది. ఈసారి చెయ్యలేదు. కారు కూడా రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్లింది.

హార్లన్ కుర్చీలోనే నిద్రపోతున్నాడు. మూల ఆక్సిజన్ మిషను రొద పెడుతోంది. దాని గాజు గొట్టంలో చిన్న గుండు మూడు అంకె దగ్గర తేలుతోంది.

"ఒరేయ్, ఇది ఎప్పట్నించి?"

హార్లన్ కళ్లు తెరిచాడు. "ఏది?"

"మూడు."

"ఏదో తగిలి తిరిగుంటుంది. పిల్లి..."

"నీకు పిల్లి లేదు."

"సెప్టెంబరు నించి," అన్నాడు. "నీ కారు చప్పుడు వినపడగానే తగ్గిస్తా."

మూడు మీదైతే సిలిండరు రెండు గంటల ఇరవై నిమిషాలే; రానూపోనూ దారికే చాలదు. వెర్నా ఆ లెక్క పైకి అనేలోగా వాడే అందుకున్నాడు.

"తోసేది నువ్వేగా, నడిచేది నేనా? కూచున్నవాడికి ఎంత గాలి కావాలే? ఆ పూటకి రెండు మీద పెట్టుకుంటా."

"ఇప్పుడు పెట్టు, చూద్దాం."

పెట్టాడు. నవ్వుతూ మొదలుపెట్టి, పాత పడవ కథ ఏదో చెప్పబోయాడు. మూడో నిమిషానికి కథ ఆగిపోయింది. పదకొండో నిమిషానికి పెదవులు బూడిద రంగుకి తిరిగాయి. పెంచమని మాత్రం అడగలేదు. ఆమే లేచి పెంచింది.

ఊపిరి కుదురుకున్నాక అన్నాడు, "పోయేవాణ్ణి ఎక్కడ పోతే ఏంటక్కా? నువ్వు ఇంతవరకు నాకు ఏదీ కాదన్లేదు."

ఆ మాట ఆమెకి తగలాల్సిన చోటే తగిలింది. "ఆలోచిస్తా," అని బయటికి వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం లొరెట్టాకి ఫోను చేసింది. హార్లన్‌తో విడిపోయి చాలా ఏళ్లయినా ఆమె ఇప్పటికీ వదినా అనే పిలుస్తుంది.

"గుంజల దాకా వద్దని నువ్వు చెప్తే వింటాడేమో లొరెట్టా."

"వదినా, ఆ మనిషికి కాదని చెప్పడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. నీకు రేపటిదాకా టైముంది. నా వల్ల కాదు, నువ్వే చెప్పాలి."

వంటింటి బల్ల దగ్గర కూచుని వెర్నా మళ్లీ లెక్క వేసింది. ఎన్నిసార్లు వేసినా అదే వచ్చింది. సాయంత్రం హార్లన్ తనే ఫోను చేశాడు.

"రేపు ఎన్నింటికి?"

"తొమ్మిదికి. మొదటి తూము దాకా. ఒక మైలు. పోను ముప్పై ఐదు నిమిషాలు, రాను నలభై ఎనిమిది. అరగంట కూచుని వచ్చేస్తాం."

"తూము దగ్గర చూడ్డానికి ఏముందే? ఇనప గేటు."

"ఇనప గేటే."

"అక్కడ్నించి గుంజలు కనిపిస్తాయా?"

కనిపిస్తాయంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. "కనపడవు," అంది.

"బాతులు?"

"వస్తే వస్తాయి. అవి మన మాట వినవు."

అటు మిషను రొద వినిపిస్తోంది. దాని వెనక వాడి ఊపిరి.

"క్రిస్మస్ అయ్యాక ఇంకోసారి..."

"క్రిస్మస్ అయ్యాక లేదు, హార్లన్."

వాడు ఫోను పెట్టేశాడనుకుంది. పెట్టలేదు. గొంతు సవరించుకున్నాడు.

"తొమ్మిదన్నావా?"

"తొమ్మిది."

"ఎనిమిదిన్నరకి రా. బూట్లు తొడుక్కోడానికి నాకు అరగంట పడుతోంది."