గట్టు దాటిన కొమ్మలు

మా అత్త మార్తమ్మ చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు ఎవరైనా వేసుకుపోతారని ఆవిడ భయం. నేను కాపురానికొచ్చిన మొదటి వారమే పంచదార డబ్బాలో వేలితో గీత గీసి పెట్టింది.

ఈ ఏడు మేం వేసిన పత్తి నిటారుగా పెరగకుండా పక్కలకి విచ్చుకుంది. కొమ్మలు గట్టు దాటి బసవయ్య చేలోకి వెళ్లాయి. ఇక అత్తకి కంటి మీద కునుకు లేదు. కాయలు పగిలితే ఆ పత్తి బసవయ్యే ఏరుకుంటాడని ఆవిడ అనుమానం.

ఓ సాయంత్రం వెళ్లి చూస్తే, ఆ కొమ్మలన్నీ మా వైపుకి వంచి పురికొసతో కట్టేసి ఉన్నాయి.

"చూశావా! ఇవాళ కట్టాడు, రేపు విరిచేస్తాడు."

"ఓసారి బసవయ్యగారినే అడుగుదాం అత్తయ్యా."

"అడిగితే చెబుతాడా ఏమిటే?"

గడ్డి కోద్దామని నేను తెచ్చిన కొడవలి లాక్కుని కట్లన్నీ కోసేసింది. కొమ్మలు మళ్లీ గట్టు మీదకి వాలాయి.

మర్నాడు పొద్దున్నే బసవయ్య పంపిన కూలీ గట్టు పొడవునా గడ్డిమందు కొట్టి వెళ్లాడు. ఎవరి కొమ్మలో అతనికేం పట్టింది? వారం తిరిగేసరికి అన్నీ మాడిపోయాయి.

బసవయ్య లబలబలాడుతూ వచ్చాడు. "మందు తగలకూడదనే కదక్కా నేను కట్టింది! ఎవరు విప్పారు?"

అత్త మాడిన కొమ్మని తిప్పి తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఏమే, ఆ సాయంత్రం కొడవలి తెచ్చింది నువ్వే కదూ?"