గ్రహం పుస్తకంలో నా వంతు

ఈ ఉదయం తుని నుంచి రాజమండ్రి వెళ్లే ప్యాసింజర్‌లో ఎదుటి సీటావిడ ఫోనులో వార్తలు పెట్టుకుంది. చదువుతున్నది మనిషి గొంతు కాదు, యంత్రం గొంతు. “గరిష్ఠ ఉష్ణోగ్రత” అని ఎక్కడా తడబడకుండా అనేసి, తరువాతి వార్తకు వెళ్లిపోయింది. నా చెవులు మాత్రం వేడెక్కాయి. ముఖం చూసి ఎండదెబ్బ అనుకుందేమో, పక్కావిడ తన మంచినీళ్ల సీసా చేతిలో పెట్టింది. తాగాను. ఆ మాట ఎక్కడ వినబడినా నాకు సులోచన గారు గుర్తొస్తారు. ఆవిడ ఒక్కరే గుర్తొస్తే బాగుండేది. ఆవిడ ఎదుట పుస్తకం పట్టుకుని తల దించుకున్న నేను కూడా గుర్తొస్తాను.

మేరీ సులోచన గారు సామర్లకోటలో ఎక్కేవారు. ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. పొడుగు మనిషి. గంజి పెట్టిన నేతచీరలు, చర్చిలో పాటలు పాడి పాడి తేరిన గొంతు. లేడీస్ బోగీలోకి ఎక్కుతూనే పెత్తనం మొదలయ్యేది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ కిటికీ తెరవాలో ఆవిడే చెప్పాలి. ఎవరైనా టిఫిను డబ్బా మూత తీస్తే, “ఏంటమ్మా అది, ఉప్మాయా? ఇటివ్వు” అని అడిగి మరీ తినేవారు. నచ్చకపోతే ఆ మాటా చెప్పేసేవారు. ఆవిడంటే కొందరికి ఇష్టం, కొందరికి చిరాకు. నాకు భయం.

ఆవిడ సంచిలో ఎప్పుడూ ఒక పాత నవల ఉండేది. అట్ట, మొదటి పేజీలు ఎప్పుడో పోయాయి కాబట్టి బోగీలో అందరూ దాన్ని గ్రహం పుస్తకం అనేవారు. భూమి నుంచి వలస వెళ్లిన మనుషులు ఎర్రమట్టి తప్ప మరేమీ లేని ఒక గ్రహం మీద ఊరు కట్టుకుంటారు. ధ్రువం దగ్గరి మంచు కరిగించి, తరతరాలుగా కాలువ తవ్వుకుంటూ ఊరివైపు నీళ్లు తెచ్చుకుంటూ ఉంటారు. ఊరి చివర తూము దగ్గర ఒకామె కాపలా ఉంటుంది. ఇంతవరకు ఒక్క చుక్క కూడా రాని కాలువకు కాపలా. సులోచన గారు ఆ నవలను పెళ్లికి ముందు నుంచి మళ్లీ మళ్లీ చదువుతున్నారట. అయితే ఒంటరిగా చదువుకునేవారు కాదు. ఆ రోజు బోగీలో ఎవరుంటే వాళ్ల చేతికిచ్చి పైకి చదివించేవారు. తెలిసినవాళ్లా, మొదటిసారి చూస్తున్నవాళ్లా అన్న పట్టింపు లేదు. మనిషికి రెండు పేజీలు.

“మూడో పేజీ తిప్పకండమ్మా. ఎగువ వాళ్లే నీళ్లన్నీ తోడేసుకుంటే దిగువ వాళ్ల చేలు ఏమైపోవాలి?” అనేవారు.

అనపర్తిలో ఎక్కేవాళ్లు సీటు కోసమైనా చూడకుండా, “నీళ్లు ఎందాకా వచ్చాయండీ?” అని అడిగేవారు. కొత్తవాళ్లు వాళ్ల ఊరి కాలువ సంగతే అనుకునేవారు.

నేను అప్పుడే రాజమండ్రిలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ బ్రాంచిలో చేరాను. నా వంతు రాకుండా చాలా రోజులు తప్పించుకున్నాను. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేదాన్ని, లేదా రాని ఫోనుతో మాట్లాడేదాన్ని. కారణం చెప్పాలంటే, నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం. తెలుగు ఒక సబ్జెక్టుగా ఎలాగో గట్టెక్కాను. ఇంటర్లో మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకున్నాను, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పాసయ్యాను. మాట్లాడటం వచ్చు. చదవడమే, బస్సు బోర్డుల దాకా వచ్చు.

ఒక రోజు ఆవిడ పట్టేసుకున్నారు. “ఏమ్మా, తుని అమ్మాయ్! నిద్ర నటించింది చాల్లే. తీసుకో.”

పుస్తకం నా ఒళ్లోకి వచ్చింది. మొదటి వాక్యం కూడబలుక్కుంటూ లాగాను. రెండో వాక్యంలో ఆ మాట తగిలింది. “ఉ... ఉషో... ఉషోగత...”

ఎదురుగా కూర్చున్న హారిక కిసుక్కున నవ్వింది. నర్సింగ్ చదివే పిల్ల. సులోచన గారు నవ్వలేదు. “అక్షరాలు చెప్పు” అన్నారు.

“ష కింద... ఏదో ఉందండీ.”

“ఏదో అంటే?”

“చిన్న మెలికలాగా...”

ఈసారి బోగీ అంతా నవ్వింది. పల్లీలమ్మే ఆవిడ కూడా బుట్ట దించుకుని మరీ నవ్వింది.

“ఏం చదువుకున్నావు?”

“ఎంబీఏ అండీ.”

“ఎంబీఏ చదివి ణ వత్తు తెలీదా?”

హాస్టల్లో ఉండగా “నాకు తెలుగు చదవడం రాదు” అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. అదొక గొప్పలాగా, నవ్వుతూ, జుట్టు వెనక్కి తోసుకుంటూ అనేదాన్ని. అదే మాట ఆ రోజు నోటికి రాలేదు. చదవడం రాకపోవడం కన్నా, రాదని ఇన్నాళ్లు మురిసిపోయినందుకు ఎక్కువ సిగ్గేసింది. పుస్తకం పక్కావిడకు ఇచ్చేసి, రాజమండ్రి దాకా నా చెప్పులే చూసుకుంటూ కూర్చున్నాను.

మర్నాటి నుంచి వెనక జనరల్ బోగీలో ఎక్కడం మొదలుపెట్టాను. మగవాళ్ల మధ్య నలుగుతూ నిలబడటమే నయమనిపించింది. వారం తిరిగిందో లేదో, సామర్లకోటలో బండి ఆగగానే జనాన్ని తోసుకుంటూ సులోచన గారు నా బోగీలోకి వచ్చారు. హారిక ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉంది. ఎవరో లేచి ఆవిడకు చోటిచ్చారు. హారిక ద్వారం దగ్గరే ఆగిపోయింది.

“బోగీ మార్చావేంటి?”

“అక్కడ రష్ ఎక్కువగా ఉందనండీ.”

“ఇక్కడ లేదా?” ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగి, సీటు అంచున కూర్చోబెట్టుకున్నారు. గొంతు తగ్గించారు. ఆవిడ గొంతు తగ్గించగా వినడం అదే మొదటిసారి. “చూడమ్మాయ్. నీకు చదవడం రాదు. నాకు కనబడదు. ఇద్దర్లో ఎవరు ఎవర్ని చూసి నవ్వాలో చెప్పు.”

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. నీటికాసులట. కంటి నరం ఎండిపోతోందట. మనుషులు మసకగా ఆనతారు, అక్షరాలు అసలు ఆనవు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు తట్టింది నాకు. ఇన్ని రోజుల్లో ఆవిడ ఒక్కసారైనా ఆ పుస్తకం తెరిచి చూడటం నేను చూడలేదు. అక్షరాలు చెప్పమన్నది నన్ను శిక్షించడానికి అనుకున్నాను. నేను ఆగింది ఏ మాట దగ్గరో తెలుసుకోవడానికి ఆవిడకు వేరే దారి లేదు.

“ఆఫీసులో తెలుసాండీ?”

“తెలీదు. రిటైరయ్యేదాకా తెలియనివ్వను. కుర్రాళ్లతో ఫైళ్లు చదివించుకుని వింటున్నాను, తప్పు పోనివ్వట్లేదు. కానీ కళ్లు పోయినావిడ అనిపించుకుని ఆ మెట్లు దిగలేను.”

“సిగ్గాండీ?” అనేశాను, తెలివితక్కువగా.

“సిగ్గే. మరేంటి? నీకొక్కదానికే ఉంటుందా?” అని, సంచి ఒళ్లోకి లాక్కుంటూ అన్నారు. “అందరూ గబగబా చదివేస్తారమ్మా. సగం మాటలు బండి చప్పుడులో పోతాయి. నువ్వు ఒక్కో అక్షరం కింద పెట్టి వెళ్లావు. నాకు అన్నీ దొరికాయి. రేపు వచ్చెయ్.”

వెళ్లాను. కథల్లోలా నెలరోజుల్లో గడగడా చదివేశానని చెప్పలేను. నా రెండు పేజీలకు అందరి నాలుగు పేజీలంత సమయం పట్టేది. “కాలువ గట్టు” అని ఉంటే “గుట్ట” అని చదివాను ఒకసారి. “మా ఆఫీసులో ఇన్నేళ్లున్నాను, కాలువకి గుట్ట నేను చూళ్లేదమ్మా” అన్నారావిడ, అందరికీ వినబడేలా. బాగా చదివావని ఒక్కనాడూ అనలేదు. కొత్తగా ఎక్కినావిడ ఎవరైనా వింతగా చూసినప్పుడల్లా నాకు చెమటలు పట్టేవి. కానీ తూము దగ్గరున్న ఆమెకు ఏమవుతుందో తెలుసుకోవాలని నాకూ పట్టుకుంది. సాయంత్రం ఇంటికెళ్లి మర్నాటి పేజీలు ముందే చదువుకుందామన్నా వీల్లేదు. పుస్తకం ఆవిడ సంచిలోనే ఉంటుంది.

ఆవిడ ఉద్యోగంలో ఆఖరి రోజు. ఆఖరి అధ్యాయం. ఎవరూ అనుకోకుండానే వంతులు కుదించుకున్నారు, చివరి పేజీలు నా దగ్గరికి వచ్చేసరికి బండి రాజమండ్రిలో ఆగిపోయింది. మూయబోయాను.

“చదువు” అన్నారు సులోచన గారు, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటూ. అందరికీ ఆఫీసుల టైమైపోయింది. అయినా సగంమంది కదల్లేదు. నేను నిలబడి చదివాను. మైకులో అనౌన్స్‌మెంట్లు, కూలీల కేకలు. తూము దగ్గరి ఆమె ముసలిదైపోతుంది. ఒక తెల్లవారుజామున మట్టి రంగు మారుతుంది. ఆమె వంగి, తడిసిన మట్టిని వేలితో ముట్టుకుంటుంది. ఆ వాక్యంలో నేను రెండుచోట్ల ఆగాను, ఒకచోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. ఎవరూ నవ్వలేదు. హారిక ముక్కు తుడుచుకుంటోంది. సులోచన గారు తల కొంచెం పక్కకి వంచి, నా వైపు కాకుండా పట్టాల వైపు ముఖం పెట్టి విన్నారు.

ఇక ఆ పుస్తకం నాకే ఇస్తారనుకున్నాను. అనుకోవడమేంటి, చేతులు ముందుకు చాపి కూడా ఉన్నాను. ఆవిడ దాన్ని తడుముకుని అందుకుని, “ఇందాక అనపర్తిలో ఎక్కి, ఇదేం పుస్తకమండీ అని అడిగినావిడ ఎక్కడ?” అన్నారు. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె బిడియంగా ముందుకొచ్చింది. పేరైనా తెలియదు. “నువ్వు మొదటి నుంచీ వినలేదు కదా. తీసుకెళ్లి చదువు. అయ్యాక ఎవరికైనా ఇచ్చెయ్” అని ఆమె చేతిలో పెట్టేశారు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆవిడకు కనబడలేదు కాబట్టి బతికిపోయాను అనుకోబోయి, అలా అనుకోబోయినందుకు మరీ సిగ్గుపడ్డాను.

తరువాత ఆవిడ జంగారెడ్డిగూడెంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడప్పుడు ఫోను చేసేవారు. ముందు నా తెలుగును నాలుగు మాటలని, తరువాతే క్షేమం అడిగేవారు. పోయిన వానాకాలంలో ఆవిడ పోయారు. ఆ కబురు హారిక చెప్పింది.

నెల కిందట మా బ్రాంచిలో ప్యూను అప్పారావు గారి రిటైర్‌మెంట్. ఆయన గురించి తెలుగులో రాసిన సన్మానపత్రం ఎవరో ఒకరు చదవాలి. మేనేజరు అందరి వైపూ చూశాడు. అందరూ నాలాగే చదువుకున్నవాళ్లు. ఒకరు ఫోను చూసుకున్నారు, ఒకరు నీళ్లు తాగడానికి లేచారు. నేను వెళ్లి కాగితం తీసుకున్నాను. మూడో వరుసలోనే ఒక పెద్ద సమాసం దగ్గర ఇరుక్కుపోయాను. వెనక ఎవరో నవ్వారు. చెవులు కాలిపోతున్నాయి. ఈ సిగ్గు ఎప్పటికైనా పోతుందని నాకు నమ్మకం లేదు. అప్పారావు గారు చేతులు కట్టుకుని, తన గురించి ఏం రాశారో అని వింటున్నారు. ఆ మాట మళ్లీ మొదటి అక్షరం నుంచి ఎత్తుకున్నాను.