కప్పలాట మిషన్ కంట్లో గంధం

2023వ సంవత్సరం, తిరుపతి. ఒక మాల్ మూడో అంతస్తులో ఉన్న గేమ్ జోన్‌కు నేను టెక్నీషియన్‌ని. అంటే ముప్పై రెండు ఆట యంత్రాలకు వైద్యుణ్ణి, మంత్రసానిని, అవసరమైతే కాటికాపరిని.

ఆ మాల్ ఒకప్పుడు సామాన్యమైంది కాదు. తెరిచిన రోజు ఎస్కలేటర్ ఎక్కే ముందు జనం భక్తిగా చెప్పులు విడిచారు. ఆ చెప్పుల గుట్ట తిరుపతికి ఎనిమిదో కొండ అయిందంటే నమ్మండి. 2023 నాటికి ఎస్కలేటర్ ఆగిపోయి ఉత్త మెట్లయింది. బట్టల కొట్టు, చెప్పుల కొట్టు, సినిమా హాలు వరసగా మూతపడ్డాయి. ఫుడ్‌కోర్టులో పావురాలు కాపురాలు పెట్టి మనవళ్లను కూడా ఎత్తుకున్నాయి. మిగిలింది మేమే. కొండ దిగి, రైలుకు ఇంకా టైముందని వచ్చే ఒకటీ అరా గుండ్లే మాకు దిక్కు.

ఆయుధ పూజ ముందు రోజు యజమాని మునిరత్నం అన్న పిలిచాడు.

"పండగ మర్నాడు పాత మిషన్లు కొనే ఆసామి రేణిగుంట నుంచి లారీ తెస్తాండాడు. అన్నీ ఇచ్చేస్తాండా. కడసారి పూజ బాగా చెయ్యప్పా."

పద్నాలుగేళ్లుగా తిట్టి, తన్ని, బతిమాలి నడిపిన యంత్రాలవి. అవి పోతే నా ఉద్యోగమూ వాటితోనే లారీ ఎక్కుతుంది. అందుకే ఆ పూజ ఎవరూ చేయనంత ఘనంగా చేశాను. బయటి బొట్టును జనం చెరిపేస్తారని, ప్రతి యంత్రం తలుపూ తీసి కడుపులో కూడా గంధం, కుంకుమ అద్దాను.

మర్నాడు ఆసామి వచ్చి, పెళ్లికూతురికి వంక పెట్టడానికి వచ్చిన వాడిలా యంత్రాల చుట్టూ తిరగసాగాడు. అప్పుడే పాకాల నుంచి వచ్చిన ఒక అవ్వ, నున్నటి గుండుకు గంధం పూసుకుని, కప్పలాట ముందు నిలబడింది. కన్నాల్లోంచి లేచే ప్లాస్టిక్ కప్పల్ని సుత్తితో కొట్టడమే ఆట. అవ్వ మూడు కప్పల్ని కొట్టింది. కౌంటరులో బహుమతులకు మార్చుకునే టికెట్లు యంత్రం మూడు ఇవ్వాలి. ముప్పై ఇచ్చింది. మూడు వందలిచ్చింది. అవ్వ పాదాలు మునిగిపోయాయి.

"ఏమప్పా, ఇంక చాలని దీనికి ఎవురు చెప్పేది?" అంది అవ్వ.

తలుపు తీసి చూశాను. టికెట్లను బయటికి తోసే భాగాన్ని డిస్పెన్సర్ అంటారు. అందులో సెన్సర్ అనే చిన్న కన్ను ఒక్కో టికెట్ గాటునూ లెక్కపెట్టి మోటారును ఆపిస్తుంది. ఆ కంటికి నేను నిండుగా గంధం పెట్టాను. కన్ను మూసుకుపోయిన యంత్రం కర్ణుడైపోయింది. ముప్పై రెండింటికీ నేనే పెట్టానని గుర్తొచ్చింది.

"ఆపప్పా! బహుమతులన్నీ పోతాయి!" అని మునిరత్నం అన్న అరిచాడు.

నేను ప్లగ్గు మీద చెయ్యి వేశాను. అవ్వ సుత్తి ఎత్తింది. "ముట్టుకో, సూస్తా."

చెడిన మిషన్లను కొంటాడా అని ఆసామి వైపు చూశాను. తలుపు మెల్లగా మూశాను. "ఇది బాగవ్వాలంటే స్పేరు పార్టు మద్రాసు నుంచి రావాలన్నా" అని అబద్ధమాడాను.

అవ్వ ఫోన్ తీసి, కింద బస్సులో కునుకు తీస్తున్న తన ఊరివాళ్లను లేపింది. "యాడుండారు? పైకి రాండి! ఈడ మిషను ఇస్తానే ఉండాది!"

బస్సెడు గుండ్లు చచ్చిన ఎస్కలేటర్ మీద ఊరేగింపుగా ఎక్కాయి. వాళ్ల వెనక బస్టాండు జనం, వాళ్ల వెనక ఆటోవాళ్లు. సాయంత్రానికి క్యూ రోడ్డెక్కింది. పావురాలు భయపడి ఇల్లు ఖాళీ చేశాయి. ఆసామి ఏడని మునిరత్నం అన్న వెతికితే కార్ల ఆట వరసలో దొరికాడు.

"మిషన్ల బేరం తరవాత సూస్తాం లేన్నా, ముందు నా వంతు రానీ."

"బేరమూ లేదు, ఏమీ లేదు పో!" అన్నాడు మునిరత్నం అన్న, ఆ క్యూ వైపు చూస్తూ. ఆయన కళ్లలో అంత వెలుగు మాల్ తెరిచిన రోజున కూడా లేదు. లారీ మాత్రం పూర్తిగా ఖాళీగా పోలేదు. ఆసామి గెలిచిన స్టీలు డబ్బా ఒకటి వెళ్లింది.

మర్నాడు యంత్రాల కళ్లన్నీ తుడిచాను. తుడుస్తుంటే ఒక సంగతి తట్టింది. ఒక్కో కొట్టు మూతపడినప్పుడల్లా, సెట్టింగులో టికెట్లు తగ్గిస్తూ వచ్చింది నేనే. జనం రావడం లేదని ఏడ్చాను కానీ, వచ్చినవాళ్లను ఉత్తచేతులతో పంపిన చెయ్యి నాదే. ఆ రోజే సెట్టింగు రెట్టింపు చేశాను. ఇప్పుడు పూజ బొట్టు కంటికి బెత్తెడు పైన పెడుతున్నాను.

ఎస్కలేటర్ ఇప్పటికీ చచ్చే ఉంది. జనం దాన్ని తొక్కుకుంటూ పైకొస్తున్నారు.