సైలెన్సర్ బోల్టు

ఆ బోల్టు విరిచింది నాన్నే. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో మా వంటింటి కిటికీ పెరట్లోకి ఉండేది. మోటార్ సైకిల్ డబడబా కొట్టుకుంటోందని, గురువారం డ్యూటీ దిగి వచ్చి, సైలెన్సర్ గొట్టాన్ని ఇంజనుకు బిగించే బోల్టు విప్పబోయాడు. అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మా నాన్నకు ఓపికా! స్పానరుకు ఇనప గొట్టం తొడిగి ఒక్క గుంజు గుంజాడు. టప్పుమంది. బోల్టు తల ఊడి చేతికొచ్చింది, ఒళ్ళు ఇంజన్లోనే ఉండిపోయింది.

యార్డులో జీవితమంతా ఫిట్టరుగా చేసిన మనిషి. ఎవరైనా బోల్టు విరిస్తే వారం రోజులు తిట్టే మనిషి. అటూ ఇటూ చూశాడు. ఆ తలకు ఇంత గ్రీజు పూసి మళ్ళీ దాని చోట్లోనే అతికించేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఏమీ ఎరగనట్టు "టీ ఏదే?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక నోట్లో చున్నీ కుక్కుకున్నాను.

ఆదివారానికి నా నవ్వు ఎగిరిపోయింది. ఆ రోజు చర్చి అయ్యాక అతను మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మెటియాబ్రుజ్ దగ్గర ఓడలాగే డాకులో క్రేన్ మెకానిక్. వాళ్ళదీ శ్రీకాకుళం వైపే. క్వయర్‌లో నా వెనక వరసలో నిలబడి పాడేవాడు. అతను వచ్చాక పాట ఎక్కడ ఎత్తుకోవాలో నాకు తెలిస్తే ఒట్టు! చేసుకుంటే అతన్నే చేసుకుంటానని అమ్మతో చెప్పేశాను. అమ్మకు ఇష్టమే. నాన్నే ఊఁ అనలేదు. "డాకులో కుర్రాళ్ళకి దూకుడెక్కువ. ఏ పనైనా బలంతోటే సేస్తారు," అన్నది ఆయన అభ్యంతరం. ఈ మాట ఎవరంటున్నారో చూడండి!

భోజనాలయ్యాక మగవాళ్ళిద్దరూ చెరో గోడా చూస్తూ కూర్చుంటే అమ్మే కల్పించుకుంది. "బాబూ, మీ మావయ్య బండి ఒకటే డబడబమంటంది. మెషీన్లు ఎరిగినోడివి, ఓపాలి సూడు నాయనా."

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇప్పుడెందుకూ, ఎండ..." అనేలోపే అతను పెరట్లో ఉన్నాడు. స్పానరు ఆనించాడో లేదో, బోల్టు తల ఊడి అరచేతిలో పడింది.

నిజం చెబితే నాన్న పరువు పోతుంది, చెప్పకపోతే నా పెళ్ళి పోతుంది. అతను ఆ ముక్కను వేళ్ళతో తిప్పి చూశాడు. తర్వాత నాన్న వైపు చూశాడు. ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"విరగ్గొట్టీసినాను మావయ్యా," అన్నాడు అతను. "తప్పయిపోనాది. మిగతాది తీసిచ్చీవరకూ ఇక్కణ్ణించి కదల్ను."

గోడ మీద ఎర్రజెండా ఆరేసుకుంటున్న పక్కింటి బెంగాలీ ఆయన, ఏమైందన్నట్టు "కీ హొలో దాదా?" అన్నాడు నాన్నతో. నాన్న ఆయనకు వీపు తిప్పేశాడు.

గొట్టం దించేశాక, విరిగిన బోల్టు ఇంజను బయటికి గోరంత పొడుచుకుని కనిపించింది. అతను అమ్మను కొవ్వొత్తి ముక్క అడిగాడు. క్రిస్మస్‌కు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగాక మిగిలిన కొవ్వొత్తులను అమ్మ పేపర్లో చుట్టి దాచేది. కరెంటు పోని రోజు లేదు కాబట్టి ఏడాది పొడుగునా అవే దిక్కు. నాన్న సామాన్లలోని బ్లో ల్యాంపు మంటతో బోల్టు చుట్టూ కాల్చి, ఆ వేడి మీద కొవ్వొత్తి ఆనించాడు. కరిగిన మైనం సన్నగా మరల్లోకి ఇంకిపోయింది. కాసేపు ఆగి, ప్లయరుతో పట్టి, వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు. రాలేదు. మళ్ళీ కాల్చడం, మళ్ళీ మైనం.

"గట్టిగా తిప్పవయ్యా!" అన్నాడు నాన్న ఉండబట్టలేక.

"దానికీ రావాలనిపించాల గదా మావయ్యా," అన్నాడతను.

నాన్న పీట లాక్కుని ఎదురుగా కూర్చుని బ్లో ల్యాంపు తనే పట్టుకున్నాడు. పొద్దువాలే వేళకు బోల్టు కిర్రుమని కదిలి, మెల్లగా తిరుగుతూ, మరలు చెడకుండా బయటికొచ్చింది. నాన్న దాన్ని తేరిపార చూసి, వంటింటి వైపు తిరిగి, "ఏటే, అల్లుడికి టీ ఎట్టవా?" అని కేకేశాడు. పొయ్యి దగ్గర నిలబడి సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

పెళ్ళయిన కొత్తలో మా ఆయన్ని అడిగాను, ఆ బోల్టు నిజంగా నీ చేతిలోనే విరిగిందనుకున్నావా అని.

"నాకేటి పిచ్చా? అప్పుడే విరిగిన ఇనుము మెరుస్తాది. దాన్నిండా గ్రీజే."

"మరి చెప్పలేదేం?"

"మీ నాన్న మొగం నువ్వు సూడలేదేటి?"

ఆ మాటతో ఆ మనిషి మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మా నాన్న మాత్రం ఘటికుడు. బోల్టులు విరిచే అల్లుడు దొరికాడని కాలనీ అంతా చాటింపు వేశాడు. పండక్కి ఎవరొచ్చినా అదే కథ. మా ఆయన తల వంచుకుని నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండి నోరు తెరవబోతే, వద్దని కళ్ళతోనే బతిమాలేవాడు.

నాన్న ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో మా ఆయనే దగ్గరుండి గడ్డం గీసేవాడు. ఒక పొద్దున నురగ ముఖంతోనే నాన్న అతని మణికట్టు పట్టుకున్నాడు.

"ఒరే అల్లుడా, ఆ బోల్టు నేనే విరిసీసినాన్రా."

మా ఆయన రేజరు పక్కన పెట్టి, తువ్వాలుతో ఆయన చెంప మెల్లగా తుడిచాడు.

"ఏ బోల్టు మావయ్యా?" అన్నాడు.