గుర్తు పెట్టని పాతర

నా చిన్నప్పుడు మా ఊరి జొన్నలన్నీ మా తాతయ్య తలలో ఉండేవి. నవ్వులాటకు అనడం లేదు, నిజంగానే. మాది ఆళ్లగడ్డకు ఎద్దుల బండి మీద పోతే ఒక పూట పట్టే ఊరు. అప్పట్లో కర్నూలు రాజధాని. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్లు గానీ, మాకు మాత్రం వాన వస్తే పంట, రాకుంటే పస్తు. అందుకని ఊళ్లో రైతులంతా కలిసి జొన్నల సంఘం ఒకటి పెట్టుకున్నారు. బాగా పండిన ఏడు, తిండికి పోగా మిగిలిన జొన్నలు సంఘానికి అప్పగించాలి. వానలు తప్పిన ఏడు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి, ఏమీ లేని ఇంటికి అందరి వాటాల్లోంచి తలా కొంచెం ఇవ్వాలి. ఆ సంఘానికి మా తాతయ్యే పెద్ద.

ఆ జొన్నలు దాచేది పాతర్లలో. ఇప్పటి పిల్లలకు పాతర అంటే తెలియదు. గట్టి నేల చూసి మనిషి నిలువు కంటే లోతుగా గుంత తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, గింజలు పోసి, పైన మళ్లీ చొప్ప వేసి, మట్టితో పూడ్చి చదును చేసేవాళ్లు. పైన బండ్లు తిరిగినా కింద ఏముందో తెలియదు. దొంగల భయం కొద్దీ గుర్తులు పెట్టేవాళ్లు కాదు. పూడ్చే పని కూడా తాతయ్య కోతలకు వచ్చిన పరాయి ఊరి కూలీలతో చేయించేవాడు. ఏ పాతర ఎక్కడుంది, అందులో ఎవరి గింజలున్నాయి, ఏది ముందు తెరవాలి, అంతా ఆయనకు నోటికి వచ్చు. ఊరి బయట దిబ్బ మీద నిలబడి కాలితో నేలను తట్టి "ఈడ తవ్వండ్రా" అన్నాడంటే అక్కడ గింజ ఉండాల్సిందే. నాకదంతా మంత్రం మాదిరి ఉండేది. ఆయన మనవరాలినని వీధిలో ఎంత గర్వంగా తిరిగేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒకసారి ఆళ్లగడ్డ నుంచి ఒక ఆఫీసరు వచ్చి, సంఘం అన్నాక అన్నీ రాసి పెట్టుకోవాలని చెప్పి, లావుపాటి అట్ట పుస్తకం ఒకటి ఇచ్చిపోయాడు. తాతయ్య ఆయనకు మజ్జిగ ఇచ్చి మర్యాదగా సాగనంపాడు. ఆయన బండి మలుపు తిరగ్గానే అరుగు మీదున్న వాళ్లంతా ఒకటే నవ్వు. మా ఊళ్లో ఒక మనిషి ఎదురుగా కూర్చుని అతని మాటను కాగితం మీద రాసుకుంటే, నిన్ను నమ్మడం లేదు పో అని మొహం మీద చెప్పినట్టే. ఆ పుస్తకాన్ని మా అవ్వ చానా రోజులు మజ్జిగ కుండ మీద మూతగా వాడింది.

మా పక్కింటి అక్క మాత్రం ఆ రోజు నవ్వలేదు. ఆమె భర్త పాము కరిచి చనిపోయాడు. ఇద్దరు మగపిల్లలను పెట్టుకుని, ఉన్న కాస్త నల్లరేగడి చేనును తానే సాగు చేసుకునేది. పెద్దవాడు బడిలో నా పక్కనే కూర్చునేవాడు, ఇద్దరికీ ఒకటే పలక. ఆ ఏడు ఆమె చేను విరగపండింది. ఊళ్లో అందరూ తెల్లజొన్న వేస్తే ఆమె ఒక్కతే పచ్చజొన్న వేసింది. మిగిలిన గింజలన్నీ సంఘానికి అప్పగిస్తూ, పదిమందిలో అడిగేసింది.

"తాతా, నావి యాడ పూడుస్తావో ఒక రాయన్నా పెట్టి చూపించు. రేపు నీకేమన్నా అయితే నేను యాడ తవ్వుకోవాల?"

పెద్దమనిషి ఎదుట అశుభం పలికింది, పైగా ఆయన మాటను అనుమానించింది. ఒకాయన "ఏందిమ్మే ఆ మాటలు? అది నాలుకా తాటిమట్టా?" అని గసిరాడు. తాతయ్య మాత్రం నవ్వి, "నేనుండా గదమ్మా, నీకేం భయం" అన్నాడు. అన్నాడే గానీ ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మా తాతయ్యనే అడుగుతుందా అని, మర్నాటికల్లా ఆమెకు రాయక్క అని పేరు పెట్టి పిల్లలందరికీ నేర్పాను. నీళ్లకు పోతుంటే వెనకాల అరిచేవాళ్లం. ఆమె తిట్టేది కాదు. "పిలువులే పిలువు, నోరు నొప్పి పుట్టేదాక పిలువు" అని బిందె సర్దుకుని పోయేది.

మరుసటి ఏడు మొగులు చూసి చూసి మెడలు పట్టేశాయి గానీ వాన చుక్క పడలేదు. ఇళ్లల్లో కుండలు అడుగంటాయి. ఇక పాతర్లు తెరుద్దామని అనుకుంటున్న రోజుల్లోనే తాతయ్య పొద్దున ముఖం కడుక్కుంటూ కడుక్కుంటూ కూలిపోయాడు. నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది గానీ కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. అంత మనిషి నోట్లోంచి అర్థం లేని మూలుగు తప్ప ఇంకేమీ రాలేదు. మా నాయన ఆయనను బండి మీద పరుపు వేసి ఇంటికి తెచ్చాడు.

ఊరు ఎన్నాళ్లు ఆగుతుంది? గడ్డపారలు తీసుకుని దిబ్బ ఎక్కారు. కొన్ని పాతర్లు దొరికాయి. దొరికిన చోటల్లా కొట్లాటే. ఇవి నావంటే నావని అన్నదమ్ముల్లా బతికిన వాళ్లు చొక్కాలు పట్టుకున్నారు. ఎవరివో చెప్పాల్సిన మనిషి మంచంలో ఉన్నాడు. ఒక పాతర తెరిస్తే గింజంతా ముక్కిపోయి కంపు కొట్టింది. నీళ్లు దిగే చోటు గనక దాన్ని ముందే తెరవాలని ఆయన ఒక్కడికే తెలుసు. పక్కింటి అక్క పచ్చజొన్నలు మాత్రం ఎంత తవ్వినా కనపడలేదు. ఎవరో అనేశారు, ముసలాయన వాటిని అమ్ముకుని తిన్నాడేమో అని. ఆ మాట మా గడప లోపలికి కూడా వచ్చింది. మా అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చివరకు ఆయనను మంచంతో సహా మోసుకుని దిబ్బ మీదికి తీసుకుపోయారు. నేనూ మంచం పక్కనే నడిచాను. "నాయనా, ఈమె జొన్నలు యాడ?" అని మా నాయన ఆయన చెవిలో గట్టిగా అడిగాడు. తాతయ్య ఎడమ చేయి పైకెత్తి ఊరి వైపు చూపించాడు. మళ్లీ అడిగారు. మళ్లీ ఊరి వైపే. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆయన మనసు నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు అనే ధీమాతో నేను గట్టిగా చెప్పాను, "తాత ఇంటికి పోదామంటాండాడు" అని. అందరూ జాలిగా తలలూపి ఇంటికి మోసుకొచ్చారు.

ఇంటికి వచ్చాక ఆయన పశువుల కొట్టం వైపు చేయి చూపడం మొదలుపెట్టాడు. నిద్ర లేచినా అటే, అన్నం తినిపిస్తున్నా అటే. తాతయ్యకు ఎద్దులంటే ప్రాణం గదా, వాటిని చూడాలనుకుంటున్నాడని నేనే మళ్లీ అర్థం చెప్పాను. కాడికి కుడి పక్క కట్టే ఎలపట ఎద్దును విప్పి, పగ్గం పట్టుకుని, ఆయన మంచం దగ్గరకు నడిపించుకొచ్చాను. ఎద్దు ఆయన చేయి నాకింది. ఆయన దాన్ని చూడలేదు. దాని మీదుగా కొట్టం వైపు చూస్తూ, ఎడమ చేత్తో ఎద్దును పక్కకు తోస్తున్నాడు. ఆ కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారాయి. ఎద్దును చూసి ఏడుస్తున్నాడని నేను ఊరంతా చెప్పుకున్నాను.

అప్పుడు పక్కింటి అక్క మా ఇంటికి వచ్చింది. తిట్టిపోయడానికి వచ్చిందేమోనని మా అమ్మ భయపడింది. ఆమె మా అమ్మను పక్కకు పిలిచి, "అత్తా, మీ కుండలో జొన్నలుంటే రెండు దోసిళ్లు పెట్టు. మళ్లీ నీకే ఇచ్చేస్తా" అంది. వాటిని ఒడిలో పోసుకుని తాతయ్య మంచం దగ్గర కూర్చుంది. "తాతా, ఇట్ల చూడు. నా జొన్నలు దొరికినాయి. నువ్వు చెప్పిన కాడనే ఉండాయి. ఇంగ నువ్వు బాధపడాకు" అంది. తన పిల్లలకు అంబలి కూడా సరిగా లేని రోజుల్లో ఆమె ఆ అబద్ధం ఆడింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎన్ని రోజులు ఆమె వెనకాల అరిచాను నేను!

తాతయ్య ఒక గింజ తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత ఆ చేయి కిందికి జారవిడిచి గోడ వైపు తల తిప్పుకున్నాడు. మనసు నెమ్మదించిందని అనుకున్నాం. అవి తెల్లజొన్నలని, ఆమెవి పచ్చవని మాలో ఒక్కరికైనా తట్టలేదు. ఆ రోజు నుంచి ఆయన చేయి ఎత్తలేదు, మేమూ ఆయనను ఏమీ అడగలేదు. కొద్ది రోజులకే పోయాడు.

అక్క ఇల్లు మూసి, పిల్లలను తీసుకుని నంద్యాలకు వెళ్లిపోయింది. పత్తి మిల్లులో పని దొరికిందని తెలిసింది. ఇక సంఘమా? పెట్టిన ప్రతివాడూ పక్కవాణ్ణి దొంగగా చూస్తుంటే ఏ సంఘం నిలుస్తుంది? ఎవరి గింజలు వాళ్లు ఇళ్లల్లోనే గాదెల్లో పోసుకున్నారు. ఏమీ లేని ఇంటికి తలా కొంచెం ఇచ్చే మర్యాద కూడా దాంతోనే పోయింది.

మళ్లీ వానలు పడ్డాక ఒక పొద్దున కొట్టంలో ఎలపట ఎద్దు వెనక కాలు నేలలోకి దిగబడింది. దాన్ని లాగి, మట్టి తీసి చూస్తే కింద కుళ్లిన చొప్ప, దాని కింద జొన్నలు. పైవి నల్లబడ్డాయి గానీ లోపలివి బంగారంలా ఉన్నాయి, పచ్చజొన్నలు. అప్పుడు గుర్తుకొచ్చింది అందరికీ. అక్క గుర్తు రాయి అడిగిన ఏడు ఎండాకాలంలో మేమంతా పెళ్లికి బనగానపల్లె పోయాం. తాతయ్య ఒక్కడే ఇంట్లో ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి కొట్టంలో కొత్త మట్టి పరిపించి ఉంటే, పశువుల మీద ఎంత ప్రేమ అని మా అవ్వ మెచ్చుకుంది. ఒంటరి ఆడమనిషి గింజలని, ఆమె భయపడిందని, దిబ్బ మీద కాకుండా తన కళ్లెదుట పెట్టుకున్నాడాయన. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటు ఆయనకు మేమెవరం చేయలేదు.

మా నాయన ఆ గుంత పక్కనే కూలబడ్డాడు. పూడ్చేసుకుంటే ఎవరికీ తెలియదు. బయటపెడితే ముసలాయనే దాచుకున్నాడని ఊరు అనక మానదు. ఆయన లేచి, ఊరందరినీ పిలిచి చూపించాడు. అనుకున్నట్టే కొందరు అన్నారు. తలొంచుకుని పడ్డాడు. తర్వాత జొన్నలు బస్తాలకెత్తి, నన్ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు.

మిల్లు గేటు దగ్గర అక్క కనపడింది. చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. వెనకాలే ఆమె పెద్దకొడుకు, తలనిండా దూది, భుజం మీద గంప. నాతో పలక పంచుకున్నవాడు. నన్ను చూసి గుర్తుపట్టి కూడా పలకరించలేదు. పనికి ఆలస్యమవుతుందని లోపలికి పోయాడు. వాడు మళ్లీ ఏ బడికీ పోలేదు.

మా నాయన బస్తా మూతి విప్పి, "అమ్మా, ఇవి నీవే. మా కొట్టంలోనే ఉండాయి. మా నాయన దొంగ కాదమ్మా" అన్నాడు.

ఆమె ఒక పిడికెడు తీసి వాసన చూసింది. "ఆ మాట నువ్వు నాకు చెప్పాల్నా మామా?" అని, మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది. "నేను ఆ పొద్దు దొరికినాయని అబద్ధం చెప్పకపోయింటే మీరు ఇంగో మారు అడిగింటిరి. ఆయన చేయి దించేసింది నేనే."

"కాదమ్మా, అడగాల్సింది నేను" అన్నాడు మా నాయన.

నేను బస్తా పక్కన నిలబడి ఉన్నాను. ఇంటికి పోదామంటున్నాడని, ఎద్దును చూడాలంటున్నాడని చెప్పింది నేనని వాళ్లిద్దరికీ తెలుసు. ఒక్కరూ నా వైపు చూడలేదు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! ఆమె ఊరికి రానంది. జొన్నలు దించి, మేం సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాం.

ఊరి తిండంతా ఒక ముసలాయన తల మీద పెట్టి, దానికి నమ్మకం అని పేరు పెట్టుకున్నాం. నమ్మకం కాదు, పాడూ కాదు, ఒట్టి బద్ధకం. ఆయన కూలిపోతే ఆయననే దొంగన్నాం. గుర్తు పెట్టమన్న ఒక్క ఆడమనిషినీ నవ్వులపాలు చేశాం. ఇప్పటికీ ఎవరైనా నాతో "నీకన్నీ గుర్తుంటాయి గదవ్వా, రాసుకోవడం దేనికి" అంటే నాకు తిక్క రేగుతుంది. నేను పోతే నా తల కూడా నాతోనే పోతుంది గదా!

మా మనవడి కొడుకుకు ఇంకా మాటలు రాలేదు. చేయి చాపి ఎటో చూపిస్తే, పాలకని ఒకరు, ఎత్తుకోమని ఒకరు అర్థాలు చెబుతారు. నేను చెప్పను. మోకాళ్లు పట్టుకుని లేచి, వాడు చూపిన వైపు గోడదాకా నడిచి చూసి వస్తాను. చానాసార్లు అక్కడేమీ ఉండదు. అయినా పోకుండా కూర్చోవడం నా వల్ల కాదు.