ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది

నేను రాసిన చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. నల్ల తెర మీద దాని పేరు టైప్ చేస్తే, ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌ని నడిపి, జవాబు సరిపోతే పచ్చగా పాస్ అనీ, లేకపోతే ఎర్రగా ఫెయిల్ అనీ చెబుతుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ‘ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది’ అని దాని వెబ్ పేజీలో గొప్పగా రాసుకున్నాను. అప్పటికి నేను ఎరిగిన కంప్యూటర్ నా లినక్స్ లాప్‌టాప్ ఒక్కటే. పక్కనే ఉన్న బిల్హా దాకా లోకల్ రైల్లో వెళ్లొచ్చి దేశమంతా తిరిగానని చెప్పుకోవడం లాంటిదన్నమాట.

మా ఆవిడ మేముండే ఈ హిందీ ఊళ్లోనే, మంగ్లా అనే పేటలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఏటేటా పొడిగిస్తే తప్ప ఉండని ఉద్యోగం. నా మాట నమ్మి, ప్రాక్టికల్ పరీక్ష పేపర్లు ఈసారి నా ప్రోగ్రామ్‌తో దిద్దుదామని ప్రిన్సిపాల్‌ని ఒప్పించింది. పరీక్ష ముందురోజు ల్యాబ్‌లో పిల్లల పాత ప్రోగ్రామ్‌ల మీద నడిపి చూసి ఫోన్ చేసింది.

“ఏటండీ ఇది? జవాబు రావాల్సింది పన్నెండు, వచ్చింది పన్నెండు. మరి ఫెయిల్ అంటాదేటి? ఒక్కరూ పాసవలేదు.”

“నా దగ్గర బాగానే నడుస్తందే!”

“అచ్ఛా! అయితే క్లాసు మొత్తాన్నీ తార్‌బహార్‌లో మనింటికి తోలుకొచ్చీనా?”

ల్యాబ్‌లో ఉన్నవన్నీ విండోస్. అది ప్రతి లైన్ చివర కంటికి కనిపించని గుర్తు ఒకటి అదనంగా పెడుతుంది. మనకు కనిపించదు గానీ నా ప్రోగ్రామ్‌కు కనిపిస్తుంది. మంగ్లా వెళ్లి అక్కడే సరిచేయాల్సింది. బయట ఎండ, ఇంట్లో కూలర్. కూర్చున్న చోటే రెండు లైన్లు మార్చి పంపేశాను. గుర్తు ఒక్కదాన్నే తీసేయాల్సిన చోట, ఆ గుర్తు నుంచి చివరిదాకా ఉన్నదంతా తీసేసే ఘనకార్యం చేశాను. నా లాప్‌టాప్‌లో ఆ గుర్తే ఉండదు కాబట్టి అంతా పచ్చగానే కనిపించింది. భుజం తట్టుకుని టీ పెట్టుకున్నాను.

పరీక్ష రోజు మళ్లీ ఫోన్. ఈసారి అందరూ పాస్. మొదటి లైన్ ఒక్కటే సరిచూస్తోంది, ఆ లైన్‌లో ఉండేది ప్రశ్న పేరు. అది రాసి ఊరుకున్నవాళ్లకు కూడా పచ్చ రంగే. ప్రిన్సిపాల్ తెగ సంతోషించి ఫలితాలు బోర్డుకు అంటించమన్నారట.

“అంటించీమంటారేటి? రేపు తప్పని తేలితే పోయేది నా ఉద్యోగమే కదా. మీరు రండి,” అంది. ఇక కూలర్ కట్టేయక తప్పలేదు.

ల్యాబ్‌లో విండోస్ ముందు కూర్చుని సరిచేశాను. ఆవిడ పక్కనే నిలబడి ముందు కావాలని కొన్ని తప్పు జవాబులు వేయించింది. అవి ఎర్రగా వచ్చాకే అందరివీ మళ్లీ దిద్దనిచ్చింది. సగం మంది ఫెయిలయ్యారు.

అప్పుడు ఆవిడ క్లాసు ముందు నిలబడి, ఇందాకటి ఫలితాలు చెల్లవనీ, తప్పు ప్రోగ్రామ్‌దనీ, దాన్ని వాడదామన్నది తానేననీ హిందీలో చెప్పింది. గోల లేచింది. “ఎవరు రాశారు మేడమ్ దీన్ని?” అని వెనక నుంచి ఒకమ్మాయి అడిగింది. నేను వంగి, టేబుల్ కింద వైర్లు చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాను. ఏదో కంపెనీ అని చెప్పేస్తే బాగుండునని మొక్కుకున్నాను.

“ఇదిగో, ఈయనే. మా ఆయన,” అంది గొంతు తగ్గించకుండా. “ఎందుకు ఫెయిలయ్యారో ఈయన్నే అడగండి. ఒక్కొక్కరికీ చెప్పాకే ఇంటికి వస్తారు.”

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఉద్యోగం ఊగిసలాడుతున్న వేళ కూడా నన్ను తనవాడు కాదనుకోలేదని ఎక్కడలేని ఆనందం కూడా కలిగింది. టేబుల్ కింద నుంచి బయటికొచ్చి నిలబడ్డాను. అప్పటికే చేతులు లేచాయి.