దారం కొరికిన పళ్లు

మా అక్కకు కత్తెరంటే లెక్కలేదు. రిబ్బను కట్టి మెడలో వేలాడేసుకునేది గానీ, కుట్టు పూర్తి కాగానే వంగి దారాన్ని ముందు పళ్లతోనే పుటుక్కున కొరికేసేది. పని నేర్చుకున్న నాటి నుంచీ అదే అలవాటు. పై వరసలో ముందు పన్ను అంచున దారం పట్టేంత గాడి పడింది. అదేమిటని ఎవరైనా అడిగితే "నా సర్టిఫికెట్టు" అనేది.

వీధివైపు గదిలో ఆమె మిషను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని. బొత్తాలూ కాజాలూ నా వంతు. మిషనుకు ఎదురుగా పొట్టి స్టూలు వేసుకుని మా బావ పాత కుట్లు బ్లేడుతో విప్పుతూ ఉండేవాడు. ఆయన రేకుల కార్ఖానాలో ప్రెస్సు మీద పనిచేసిన మనిషి. ఆ మోత ఆయన చెవుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. పని మానేనాటికి పక్కన పిడుగు పడ్డా తెలియని స్థితి. చెవికి పెట్టుకునే మిషను కొన్నాం. అందులో రొద తప్ప మాట వినపడటం లేదని తీసి సొరుగులో పడేశాడు.

అయినా అక్క మాట ఒక్కటి మాత్రం ఎలాగో పట్టుకునేవాడు. ఆమె నాలుగైదు గుండుసూదులు పెదాల మధ్య బిగించి, చేతులు ఆపకుండా, వీధిలో పోయేవాళ్లందరినీ పేరుపేరునా కడిగేసేది. పక్కనే కూర్చున్న నాకు సగం అర్థమయ్యేది కాదు. బావ మాత్రం బ్లేడు ఆపి పగలబడి నవ్వేవాడు. ఆయనకు ఎవరేం చెప్పాలన్నా మిషను దగ్గరికొచ్చి అక్కతో చెప్పేవాళ్లు, ఆమె తలెత్తి ఆయనకు అందించేది. భోజనాల దగ్గర ఇద్దరూ కంచాల్లోంచి తలెత్తే రకం కాదు. వాళ్ల ముచ్చట్లన్నీ మిషను దగ్గరే.

ఒకరోజు జీన్స్ ప్యాంటుకు వేసిన మందపాటి దారం కొరకబోయి అక్క "అమ్మా" అని నోరు పట్టుకుంది. గాడి పడ్డ పన్ను నిలువునా చీలింది.

పళ్ల డాక్టరమ్మ వయసులో చిన్నదే అయినా ఓపికగల మనిషి. ఎక్స్‌రే తీసి, వేరు దాకా చీలిక పోయింది కాబట్టి ఆ పన్ను నిలవదని చెప్పింది. ఆ తర్వాత దారులు మూడు చూపించింది. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఒకటి. ఎముకలో మర బిగించి దాని మీద పన్ను కూర్చోబెట్టడం రెండోది, కానీ ఎముక మరను పట్టుకునే దాకా నెలలు ఆగాలి. మూడోది, అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీసి మూడింటికీ కలిపి తొడుగు వేయడం. ఒకసారి అరగదీశాక పాత పళ్లు మళ్లీ రావమ్మా, ఆలోచించుకోండని కూడా హెచ్చరించింది. రోజూ పళ్లు తీసి గ్లాసులో వేసుకోవడం అక్కకు సుతరామూ ఇష్టం లేదు. నెలల తరబడి ఆగే ఓపిక అసలే లేదు. తొడుగే వేయమంది.

రంగు ఎంచేటప్పుడు డాక్టరమ్మ నమూనా పళ్ల గుత్తి తీసింది. అక్క దాన్ని అందుకుని దారం రంగు కలిపి చూసినట్టే గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి అద్దంలో ఒక్కొక్కటే ఆనించి చూసుకుంది. ఆ రోజు మేం నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. అంతగా నవ్వడం అదే ఆఖరని అప్పుడు తెలియలేదు.

పన్ను తీసేశారు. అక్కకు షుగరు ఉండటంతో చిగురు మానడం ఆలస్యమైంది. ఈలోగా పెట్టుకోమని తాత్కాలికంగా ఇచ్చిన పన్ను నోట్లో పెట్టుకుంటే డోకు వచ్చేది. ఇక చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకునే తిరిగింది. ఇకమీదట దారం కొరకొద్దు, సూదులు నోట్లో పెట్టుకోవద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఎవరి మాటా వినని మా అక్క ఈ మాట తు.చ. తప్పకుండా విన్నది. సూదులు గుచ్చుకునే చిన్న దిండు ఎలాస్టిక్‌తో మణికట్టుకు కట్టుకుంది.

బావ మొదట్లో ఓపిక పట్టాడు. తర్వాత, "ఏమిటే ఆ రుమాలు, తియ్యి" అన్నాడు. ఆమె తీసి, నోరు పెద్దది చేసి, ఒక్కో మాటా సాగదీసి చెప్పింది. ఆయన ఆ నోటివంక చూసిచూసి తల అడ్డంగా ఆడించాడు. పలక తెచ్చి రాసి చూపించాం. చదివి సరేనని పక్కన పెట్టేవాడు. పలక మీది మాటకు ఆయన నుంచి తిరిగి మాట వచ్చేది కాదు.

"పళ్లు రానీ, అన్నీ సర్దుకుంటాయి" అంది అక్క. నేనూ అదే నమ్మాను. ఆయన ఆ గాడి పన్ను చూసి మాటలు గుర్తుపట్టేవాడని, అది లేకే తికమక పడుతున్నాడని ఇద్దరం తేల్చేసుకున్నాం.

పళ్లు వచ్చాయి. ఎంత బాగున్నాయో చెప్పలేను, పాతవేవో కొత్తవేవో కనిపెట్టలేం. అక్క చెప్పులైనా విప్పకుండా వెళ్లి బావ ఎదురుగా కూర్చుని ఏదో అడిగింది. ఆయన చాలాసేపు చూశాడు.

"పళ్లు బాగున్నాయి," అన్నాడు. "ఏమన్నావో తెలియలేదు."

ఆ తర్వాత మా ఇంట్లో దీపం పెట్టినా చీకటిగానే ఉండేది. అక్క ఆ డాక్టరమ్మ చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. పళ్లు పొడవయ్యాయంటే ఆవిడ వెంట్రుకవాసి తగ్గించింది. అంచున పాత గాడి పెట్టమంటే, పింగాణీ అక్కడే పెచ్చు లేస్తుందని ఒప్పుకోలేదు. చివరికి ఇవి పీకేసి నా పళ్లు నాకిచ్చెయ్యమని అక్క ఆ కుర్చీలోనే బావురుమంది. కింద ఉన్నవి అరగదీసిన మొండి పళ్లేనని, ముందే చెప్పానుగా అని ఆవిడ మెల్లగా అంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ సంగతి తెలిసి కూడా నాకు ఒళ్లు మండిపోయింది.

బావ తన స్టూలు తీసుకెళ్లి వెనక వరండాలో వేసుకున్నాడు. గోడకేసి చూస్తూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. కుట్లు విప్పడం మానేశాడు. తిండి సగానికి సగం పడిపోయింది. ఒకరోజు నేను కాఫీ ఇస్తుంటే చేయి పట్టుకుని, చెవిటివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో అన్నాడు.

"మీ అక్కకు నాతో మాట్లాడటం విసుగొచ్చిందమ్మా. ఊరికే నోరు ఆడిస్తోంది, మాట రావడం లేదు. ఇన్నేళ్లు చాకిరీ చేసింది, విసుగురాదూ."

ముందుగదిలో మిషను ఆగిపోయింది. అక్క విన్నది. కాదని చెప్పడానికి ఆమెకు దారి లేదు, అదీ ఆ ఇంట్లో నరకం. నాకు ఆ కప్పు గోడకేసి కొట్టాలనిపించింది.

బడులు తెరిచే రోజులొచ్చాయి. యూనిఫారాలు నడుమెత్తు పేరుకున్నాయి. ఒక మధ్యాహ్నం అక్క మణికట్టు దిండుకున్న ఎలాస్టిక్ తెగి సూదులన్నీ నేలపాలయ్యాయి. నేను ఏరి చేతికిస్తే, ఆమె ధ్యాసంతా మడత మీదే ఉండి, వాటిని తీసుకుని పెదాల మధ్య పెట్టేసుకుంది. వద్దని చెప్పాలనుకున్నాను. ఆమె మొహం చూసి మళ్లీ నా బొత్తాలు అందుకున్నాను. ఏ పన్ను ఏమైతే ఇక ఏం పోయింది అనిపించింది.

అప్పుడే బావ మంచినీళ్లకని ముందుగదిలోకి వచ్చాడు. అక్క ఆయన్ని చూసి మళ్లీ చూపు బట్ట మీదికి దించుకుంది. గౌను అంచు మడుస్తూ, సూదులు పెట్టుకుని, తనలో తాను ఏదో గొణుక్కుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

బావ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"నువ్వు చస్తే నాతో మాట్లాడేదెవరే?" అన్నాడు.

అక్క చేతుల్లోంచి గౌను జారిపోయింది. ఇన్ని వారాలూ మేమంతా పళ్ల వెంటపడ్డాం. ఆయనకు వచ్చినదల్లా సూదులు బిగించిన ఆ పెదాల మాటే. నోరు బార్లా తెరిచి మేం నేర్పబోయిందేదీ ఆయనకు తెలియని భాషే. డాక్టరమ్మ మాట బుద్ధిగా విని, అక్క తన మొగుడితో మాట్లాడే నోటిని తనే తీసి మణికట్టుకు కట్టుకుంది. ఆ నోరు తిరిగి దొరికాక ఆయనకు అందిన మొదటి మాట, చచ్చిపోతే బాగుండునన్నది.

అక్క కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు, సూదులూ తీయలేదు. ఆయన వంక చూస్తూ, పెదాలు కదిలీ కదలకుండా ఏదో అంది. ఆయన గ్లాసు కింద పెట్టి, మొహం తుడుచుకుని మళ్లీ ఆమె పెదాల వంకే చూశాడు. ఆమె ఇంకేదో అంది. ఈసారి చాలాసేపు అంది.

"సరే, తెస్తాను," అన్నాడాయన.

వెనక వరండాలోకి వెళ్లి తన స్టూలు తెచ్చి మిషనుకు ఎదురుగా వేసుకున్నాడు. సొరుగులోంచి బ్లేడు తీసుకున్నాడు. అక్క ఏమేం చెప్పిందో నేను అడగలేదు.